అరవనక్కర్లేని క్లాసు

మా ఊరి బడిలో హాజరు పిలిచినప్పుడు నా గొంతు మాస్టారి దాకా వెళ్లేది కాదు. ముందు బెంచీ అమ్మాయి నా బదులు పలికేది. ఆమె రాని రోజు నేనూ రానట్టే లెక్క. అలాంటి నేను కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటానంటే, బేకరీలో కేకు మీద పేరు రాస్తున్న మా పిన్ని ఒక అక్షరం వంకర రాసింది. కాలేజీ కోసం నేను ఆమె ఇంట్లోనే ఉంటున్నాను.

"ఎవర్ని కొడదామనే?" అంది.

"ఎవర్నీ కాదు."

నిజంగానే ఎవర్నీ కాదు. నేను బస్సు దిగే చోట ఒక అద్దాల తలుపు ఉంది. దాని వెనక ఒకావిడ వేలాడే సంచిని కాలితో తన్నడం, అంత బరువు సంచీ నడుం దగ్గర మడత పడటం రోజూ చూస్తున్నాను. అలా ఒక్కసారి తన్నాలని నా కోరిక.

ముందు పిన్నీ నేనూ ఆ అద్దాల తలుపు క్లాసుకే వెళ్లాం. పెద్ద పాటలు, గోడల నిండా అద్దాలు. కోచ్ మంచివాడే గాని, అక్కడ ప్రతి దెబ్బకీ గట్టిగా అరవాలి. నా దెబ్బ పడింది, అరుపు రాలేదు.

"కడుపులోంచి రావాలమ్మా" అన్నాడు.

అందరూ ఆగి నా అరుపు కోసం ఎదురుచూశారు. నేను చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయటికొచ్చేశాను.

"పోనీలే" అంది పిన్ని దారిలో. "మా బేకరీకొచ్చే నర్సు ఇంకో క్లాసుకి వెళ్తుంది. అదీ చూద్దాం. కుదరకపోతే కుట్లు నేర్చుకుందువుగాని. సూదికి అరుపులు అక్కర్లేదు."

నాకు నవ్వు రాలేదు. అక్కడా ఇదే జరిగితే మళ్లీ అడిగే ధైర్యం నాకు ఉండదు.

ఆ రెండో క్లాసు బట్టలుతికే షాపు మీది గదిలో. మెట్ల మీద దాకా సబ్బు వాసన. కోచ్ యాభై దాటిన మనిషి, అందరూ అక్కా అంటారు. నా చేతులకి గుడ్డపట్టీ చుడుతూ పేరడిగింది. రెండుసార్లు చెప్పినా వినపడలేదు.

"సరే, ప్రస్తుతానికి పిట్టా అంటాను. కొట్టడం తర్వాత. ముందు ఆపడం నేర్చుకో."

ఆపమని అరవాలి కాబోలని మెట్ల వైపు చూశాను. అక్క నాకు గ్లవ్స్ తొడిగి, వాటిని ఒకదానితో ఒకటి రెండుసార్లు తట్టించింది.

"ఇక్కడ ఇదే మాట. ఊపిరాడకపోయినా, భయమేసినా, ఊరికే వద్దనిపించినా ఇలా తట్టు. ఎదుట ఎవరున్నా ఆగాలి. ఎందుకని అడగరు. నేను పాటలు పెట్టంది ఇది వినపడాలనే."

"ఆపమని నేనడగలేదండీ" అన్నాను.

"అడగవని తెలిసే చెప్తున్నా."

నర్సు నాకు జోడీ. తలుపంత మనిషి. చేతులకి తొడుక్కున్న మెత్తటి ప్యాడ్లతో నా భుజాల మీద తడుతూ నన్ను తోసుకొచ్చింది. నేను చేతులు అడ్డుపెట్టుకుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి, గోడ దాకా వెళ్లాను. ఆగండి అన్నాను గాని, ఎప్పటిలాగే అది నాకే వినపడలేదు. గ్లవ్స్ తట్టాను. గట్టిగా కూడా కాదు.

నర్సు అక్కడికక్కడే ఆగి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఎవరూ తిరిగి చూడలేదు. ఆవిడ నుదురు తుడుచుకుంటూ నిలబడింది, అంతే. మళ్లీ మొదలెట్టిన కాసేపటికి, నిజంగానే ఆగుతుందా అని ఊరికే ఇంకోసారి తట్టాను. ఆగింది.

"పరీక్ష పెడుతున్నావా తల్లీ?" అంది. "పెట్టుకో. కొత్తలో నాదీ అదే పని."

అప్పటిదాకా చెవుల దగ్గరే ఉన్న నా భుజాలు కిందికి దిగాయి. అక్క చూపించినట్టు ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, తర్వాత కాలు. కాలు ప్యాడ్‌కి తగిలిన చప్పుడు బాగుంది. మళ్లీ తన్నాను. మళ్లీ తన్నబోతుంటే ప్యాడ్లు టప్, టప్ అన్నాయి. ఈసారి తట్టింది నర్సు. లేచిన కాలు దించేశాను.

"ఒక్క నిమిషం పిట్టా" అంది ఊపిరి పీల్చుకుంటూ. "చెయ్యి తిమ్మిరెక్కింది."

ఆవిడ ప్యాడ్ తీసి చెయ్యి విదిలించుకునేదాకా ఆగాను. నాకేం తొందర లేదు. ఎల్లుండి కూడా వస్తాను.