మూడు గుర్తుల మంద

తెర మీది సున్నాను చూసి పుష్పావతి కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. సున్నాయే. ఏ పాపమూ ఎరగనట్టు గుండ్రంగా కూర్చుని ఉంది.

అది రెండు వేల నాలుగు, జూన్ నెల. ముదిగుబ్బ దగ్గర గొర్రెల కాపర్ల సంఘంలో ఆమె కంప్యూటర్ పనికి చేరి పదకొండు రోజులు. తొలకరికి మొలిచిన పచ్చిగడ్డి మేస్తే గొర్రెలకు చిటుక రోగం వస్తుంది. పొద్దున గంతులేసిన గొర్రె సాయంత్రానికి కాళ్లు చాపేస్తుంది. అందుకే వానకు ముందే టీకాలు పడాలి. టీకాల వ్యాన్ వాకిట్లో నిలబడి ఉంది. పశువుల డాక్టరు వేణుగోపాల్ ఒక్క లెక్క అడిగాడు. బండమీదపల్లి, రాళ్లవంక, తుమ్మలకుంట, ఈ మూడు ఊళ్లలో కలిపి గొర్రెలెన్ని? అన్నే టీకాలు ఇక్కడ దించి, మిగిలినవి తనకల్లు మండలానికి పట్టుకుపోతాడు.

మండలంలోని మందలన్నిటినీ పుష్పావతే కంప్యూటర్లోకి ఎక్కించింది. ఒక్కో వరుసలో ఊరు, కాపరి పేరు, గొర్రెల సంఖ్య. ఇక సూత్రం రాయడం ఎంతసేపు? వరుసలో ఊరు బండమీదపల్లి అయి ఉండాలి, రాళ్లవంకా అయి ఉండాలి, తుమ్మలకుంటా అయి ఉండాలి, అలాంటి వరుసల్లోని గొర్రెల సంఖ్యలన్నీ కూడు అని దర్జాగా రాసి మీట నొక్కింది.

"ఎంతొచ్చెమ్మా?" అన్నాడు డాక్టరు.

"సున్నా సార్."

"మూడూర్లల్లో ఒక్క గొర్రె గూడా లేదా? మల్ల పొద్దున్నుంచి బయట అరుస్తాండేవి ఏంటివి, కుక్కలా? పది నిమిషాలు చూస్తా. పెట్టెల్లో ఐసు కరుగుతాండాది. లెక్క రాకుంటే బండి తనకల్లుకు పోతాది."

పుష్పావతి సూత్రాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది. ఉద్యోగం పోతే పోయింది, రేపు గొర్రెలు చస్తే ఆ మూడు ఊళ్ల వాళ్లకు మొహం ఎలా చూపించాలి?

ఇంతలో బయట కేకలు. "ఏమప్పా తిప్పయ్యా, కండ్లు యాడ పెట్టినావు? నా మంద మీదికే తోలినావే!"

బండమీదపల్లి మారెక్క గొంతు అది. నీళ్లతొట్టి దగ్గర ఎగబడి ఆమె మంద, తిప్పయ్య మంద కలిసిపోయాయి. పుష్పావతి గుమ్మంలోకి వచ్చేసరికి మారెక్క చీర ఎగదోపి దొడ్డి వాకిట్లో కర్ర పట్టుకుని నిలబడింది. తిప్పయ్య వెనక నుంచి తోలుతున్నాడు. వీపున ఎర్రరంగు ఉంటే దొడ్లోకి. రంగు లేకున్నా చెవి చీల్చి ఉంటే దొడ్లోకి. అదీ లేకున్నా మెడలో నల్లతాడు ఉంటే దొడ్లోకి. ఏదీ లేనిదాన్ని కర్రతో పక్కకు తోసేస్తోంది.

"ఇన్ని గుర్తులేంది మారెక్కా?" అంది పుష్పావతి.

"ఎర్రవి నావి, చీలిన చెవులు మా పెద్దక్కవి, తాళ్లవి మా కోడలు గంగాదేవివి. మూడిండ్లవీ నేనే మేపుతాండా."

"మూడు గుర్తులూ ఉండేదాన్నే లోపలికి వదుల్తానంటే?"

మారెక్క ఆమెను ఎగాదిగా చూసింది. "ఎండ తగిలిందా పాపా? పొద్దుగూకేదాకా నిలబడినా ఒక్కటి గూడా రాదు. మూడు గుర్తులూ ఒకదానికే ఉంటే అది గొర్రె గాదు, మూడిండ్ల పంచాయితీ!"

పుష్పావతికి నవ్వు తన్నుకొచ్చింది. తను చేసిన పనీ అదే కదా! ఒక్కో వరుసనూ నిలబెట్టి, నువ్వు ఒకేసారి మూడు ఊళ్లలో ఉన్నావా అని నిలదీసింది. పాపం, ఏ వరుస మాత్రం అవునంటుంది? లోపలికి పరుగు తీసింది. కొంగు గడియకు తగులుకున్నా ఆగలేదు. సూత్రం మార్చింది. ఈ ఊరైనా సరే, ఆ ఊరైనా సరే, మూడోదైనా సరే, ఏదో ఒకటైతే చాలు, లోపలికి వదులు. మీట నొక్కింది.

"ఆరువేల రెండొందల పద్దెనిమిది సార్!"

ఆ కేకకు డాక్టరు కుర్చీలోంచి లేచి "పెట్టెలు దించండ్రా!" అని వ్యాన్ వాళ్లకు చెప్పాడు. పుష్పావతి వేసిన ఆ కేకకే బయట గొర్రెలు బెదిరి, దొడ్డి తడిక తోసుకుని, రెండు మందలూ మళ్లీ ఏకమైపోయాయి.

"నీ లెక్క కుదిరిందని నా లెక్క చెరిపినావు గదే!" మారెక్క నెత్తి పట్టుకుంది.

పుష్పావతి పొట్ట పట్టుకుని నవ్వుతూనే బయటికి వచ్చి ఆమె చేతిలోని కర్ర లాక్కుని వాకిట్లో నిలబడింది. మొదటి గొర్రె వచ్చింది. రంగు లేదు, తాడు లేదు, చెవి చీలి ఉంది.

"పోవే తల్లీ, ఒక్కటి చాలు," అని కర్ర ఎత్తింది.

దొడ్లో డాక్టరు అప్పటికే సూది పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.