క్యాసెట్ రెండో వైపు

"ఈ క్యాసెట్లు కూర్చుని వినే పనే కదా, నువ్వే చెయ్యి," అన్నాడు మా ఆయన ఎంబారెక్. అప్పుడు నేను అర్గాన్ కాయలు ఒళ్ళో పోసుకుని రాతి మీద కొడుతున్నాను. కూర్చుని చేసేది ఏదీ మా ఇంట్లో పని కింద రాదు. కాయలు కొట్టి నూనె తీయడం, బార్లీ ఏరడం, ఫ్రాన్సు బొగ్గు గనుల్లో బతుకంతా గడిపిన మనిషి కోసం ఎదురుచూడటం, అన్నీ కూర్చుని చేసినవే మరి.

ఆ చిన్న ప్లేయర్‌ని మా అమ్మాయి నజాత్ అగాదిర్ పట్నం బజార్లో కొని తెచ్చింది. అరచేతిలో పడుతుంది, పెద్ద ఖరీదేం కాదు. పాత క్యాసెట్ పెట్టి నొక్కితే, అది తిరిగినంతసేపూ మాటలన్నీ ఒక చిన్న కార్డులోకి ఎక్కుతాయి. తర్వాత ఫోన్లో ఎవరికైనా పంపుకోవచ్చు. ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడితో తిరిగొచ్చిన ఎంబారెక్ ఇప్పుడు నాలుగు మాటలు వరసగా మాట్లాడలేడు. "నాన్న అసలు గొంతు పిల్లలకి ఉండాలి కదమ్మా," అంది నజాత్.

మా ఊళ్ళో అప్పట్లో ఎవరికీ చదువు రాదు, అందుకే ఉత్తరాల బదులు క్యాసెట్లు. ఆయన అక్కడ మాట్లాడి, సెలవుకొచ్చే వాళ్ళతో పంపేవాడు. మేము ఇక్కడ మాట్లాడి, తిరిగి వెళ్ళేవాళ్ళకి ఇచ్చేవాళ్ళం. టేప్ రికార్డర్ మా అత్తగారు లల్లా ఇజ్జా గదిలో, ఆమె దిండు పక్కనే ఉండేది. ఆమే నొక్కాలి, ఆమే ఆపాలి. నా వంతు వచ్చేసరికి "బాగున్నామని చెప్పు, చాలు" అనేది. బాగున్నామని చెప్పేదాన్ని. ఆయన గొంతు కూడా ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటేనే వినాలి. చివర్లో "పిల్ల తల్లికి సలాం చెప్పు" అనేవాడు. ఆ ఒక్క ముక్క నాది.

మేము పంపిన క్యాసెట్లు కూడా ఆయన పెట్టెలో వెనక్కొచ్చాయి. ఒకరోజు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని వాటిలో ఒకటి వేశాను. మొదటి వైపంతా లల్లా ఇజ్జా: మేకలు, వానలు, ఎవరి పెళ్ళి ఎవరితో. తిప్పి పెడితే గుర్రుమని కాసేపు తిరిగి, ఒక పిల్ల గొంతు వచ్చింది.

"నజాత్ వాళ్ళ నాన్నా, నేను రఖియాని. లల్లా సంతకెళ్ళింది. నన్ను కూడా తీసుకుపో. ఒక్క గదైనా సరే. వండుతాను, నీ బట్టలు ఉతుకుతాను. నీ మొహం మర్చిపోతున్నాను."

చేతిలో కాయ కింద పడిపోయింది. అవి నా మాటలే, చెరిగిపోయాయనుకున్నాను. అవి రికార్డు చేసిన మర్నాడే లల్లా రికార్డర్ పట్టుకుని గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది. బటన్ నొక్కిన చప్పుడు నాకు వినబడింది. తర్వాత వచ్చిన క్యాసెట్లో ఆయన, "అమ్మను వదిలి ఎవరూ ఎక్కడికీ రావడం కుదరదు, రఖియాకి చెప్పండి" అన్నాడు. నా మాట చెరిపేసి, తన ఫిర్యాదు పెట్టిందనుకున్నాను. ఆ కోపంతోనే ఆమె దగ్గర బతికాను. మంచాన పడ్డాక నీళ్ళు పోశాను, ముద్దలు కలిపి తినిపించాను, గుడ్డలు మార్చాను. ఒక్క మంచి మాట మాత్రం అనలేదు. పనులకి లోటు రాకుండా చూసి, ప్రేమ మాత్రం దాచేసుకోవడం ఎలాగో ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

నా గొంతు ఆగాక క్యాసెట్లో టక్కుమంది. తర్వాత లల్లా ఇజ్జా, గొంతు తగ్గించి, తలుపు అవతల ఉన్న నాకు వినబడకుండా:

"ఒరేయ్ ఎంబారెక్, ఈ పిల్ల చెప్పింది విన్నాను. వినకూడదు, విన్నాను. తీసుకుపోరా దీన్ని. నా సంగతి మీ అక్క చూసుకుంటుంది. మీ నాన్న కాసాబ్లాంకా కొట్లో ఉన్నన్నాళ్ళూ నేను ఈ గోడలు చూస్తూ కూర్చున్నాను. దీనికొద్దు ఆ బతుకు. నేనిలా అన్నానని మాత్రం దీనికి చెప్పకు, రేపట్నుంచి నా మాట వినదు."

ఆఖరి రోజుల్లో ఆమె నా చెయ్యి పట్టుకుని, "నేను వాడికి చెప్పానే" అనేది. నా మీద చెప్పిన చాడీ ఒప్పుకుంటోందనుకుని చెయ్యి విడిపించుకునేదాన్ని.

ప్లేయర్ తీసుకెళ్ళి ఎంబారెక్ ముందు పెట్టి, ఇయర్‌ఫోన్ తీసేసి వినిపించాను. తల్లి గొంతు వినగానే కళ్ళు దించుకున్నాడు.

"ఇది నువ్వు విన్నావా, అప్పుడు?"

"విన్నాను."

"మరి?"

ఊపిరి కూడదీసుకోడానికి ఆగాడు. "మొదట గది లేదు. నలుగురం ఒకే గదిలో. తర్వాత వేరే గది ఇచ్చారు." మళ్ళీ ఆగాడు. "అప్పటికి అలవాటైపోయింది రఖియా. సెలవుకొస్తే ఇల్లుంది, నువ్వున్నావు. అన్నీ జరుగుతున్నాయి కదా అనుకున్నాను."

"మరి మీ అమ్మను సాకుగా ఎందుకు చెప్పావు?"

తిట్టాలనుకున్నాను. ఎదురుగా ఉన్నది ఎగశ్వాసతో ఉన్న ముసలాయన. తిట్టాల్సిన మనిషి ఎప్పుడో గనిలోనే ఉండిపోయాడు, క్షమాపణ అడగాల్సిన మనిషి ఊరవతల మట్టిలో ఉంది.

"అది పిల్లలకి పంపకు," అన్నాడు. "నా మాటలే కదా వాళ్ళడిగింది."

ఆయన మాటలు ఇంకా పెట్టె నిండా ఉన్నాయి, నెమ్మదిగా ఎక్కించొచ్చు. ముందు ఇదే పంపాను, కొడుకులకీ, నజాత్‌కీ. పంపడం నాకు చేతకాకపోతే పక్కింటి కోడలి చేత నొక్కించుకున్నాను.

సాయంత్రం నజాత్ ఫోన్ చేసింది. ఏడ్చినట్టుంది. "నానమ్మ గొంతు పోల్చుకున్నానమ్మా. ముందు ఎవరో చిన్నపిల్ల బతిమాలుతోంది, ఎవరమ్మా అది? మొదటి మాటలూ, పేరూ సరిగ్గా వినబడలేదు."

"అది నేనే. నేను రఖియాని," అన్నాను.