నాలుగో బూత్‌లో తగ్గిన అయిదు ఓట్లు

సోమవారం సాయంత్రం అయిదింటికల్లా తేలిపోయింది. ఇటలీలోని బాసిలికాతా ప్రాంతీయ మండలి ఎన్నికల్లో క్షౌరశాల నడిపే ఇన్‌కొరొనాటా, మందుల షాపు నడిపే జెరార్దీనా చేతిలో నాలుగంటే నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే పార్టీ. పార్టీకి జిల్లాలో దక్కేది ఒక్క సీటే. ఓటు కాగితం మీద ఎవరి పేరు ఎక్కువమంది రాస్తే సీటు వాళ్లది; ఒక్కో కాగితం మీద రెండు పేర్ల దాకా రాయొచ్చు.

ఓటమి సంగతలా ఉంచితే, నాలుగో బూత్ లెక్క ఆమె గొంతు దిగలేదు. అక్కడ ఆమెకి పడినవి తొమ్మిది. అది జెరార్దీనా వాళ్ల వాడ, బయటి ఓట్ల మీద ఎలాగూ ఆశ లేదు. కానీ అత్తింటి వాళ్లే ఆ బూత్‌లో తనతో కలిపి పద్నాలుగు మంది!

ఆ అయిదుగురు ఎవరు? తన క్షౌరశాలలో ఖాళీ కుర్చీ ముందు నిలబడి ఒక్కొక్కరినీ బోనెక్కించింది. తోడికోడలా? నవ్వుతూనే గోతులు తవ్వే రకం. మరిదా? జెరార్దీనా మొగుడితో కలిసి అడవిపందుల వేటకి పోతాడు. ఆడపడుచుకి మొన్న ఊరికే జుట్టుకి రంగు వేసినా మొహం ముడుచుకునే వెళ్లింది. ఇక అత్త ఫిలొమెనా సంగతి చెప్పక్కర్లేదు, బీపీ చూపించుకునే వంకతో రోజూ ఆ మందుల షాపులోనే కాపురం.

చిటపటలాడుతూ అత్తింటికి వెళ్లింది. ఫిలొమెనా ఎండు మిరపకాయలు వేయిస్తోంది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. నా పేరు రాశారా, లేదా?"

"అదేం మాట అమ్మాయ్! రాయకుండా ఉంటానా? నీ పేరూ రాశా, జెరార్దీనా పేరూ రాశా."

"ఇద్దరివీనా?"

"మరి! ఆవిడేమో నా బీపీ చూస్తుంది, నువ్వేమో నా కొడుకు పెళ్లానివి. ఎవర్ని కాదనను? నీ తోడికోడలికీ, ఆడపడుచు వాళ్లకీ కూడా అట్లాగే చెప్పా. అయిదుగురం రాశాం."

"ఎవరి పేరు ముందు?"

"ఆవిడదే. బయటి మనిషికి ముందు వడ్డించి, ఇంటివాళ్లం తర్వాతేగా తింటాం."

ఇన్‌కొరొనాటా నెత్తి బాదుకుంది. "ఇద్దరూ ఆడవాళ్లయితే రెండో పేరు చెల్లదు అత్తయ్యా! ఒక మగ, ఒక ఆడ ఉండాలి. అయిదు కాగితాల మీదా నా పేరు కొట్టేశారు. అవి పడుంటే నేనే గెలిచేదాన్ని!"

ఫిలొమెనా మొహం పాలిపోయింది. "నాకేం తెలుసే తల్లీ! శనివారం డొనాటోని అడిగాను కూడా. ఇద్దరివీ రాయొచ్చా నాయనా అంటే, భేషుగ్గా రాయమ్మా అన్నాడు."

డొనాటో ఇన్‌కొరొనాటా మొగుడు. మూడు వారాలుగా నమూనా ఓటు కాగితాలు పట్టుకుని, ఒక మగ ఒక ఆడ అంటూ ఊరంతటికీ నూరిపోసిన మనిషి. ఇవాళ నాలుగో బూత్ లెక్కింపులో పార్టీ తరఫున కూర్చున్నదీ అతనే.

అంతలో అతనే తలుపు తోసుకుని వచ్చాడు. పెళ్లాన్ని చూడగానే జాలి మొహం పెట్టాడు.

"పోనీలే. ఈ ఊరి జనాన్ని నమ్మకూడదు."

"నా పేరు అయిదుసార్లు కొట్టేస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

డొనాటో తల్లి వైపు చూశాడు. పళ్లెంలోంచి ఒక మిరపకాయ తీసుకుని కొరికాడు.

"వారానికి నాలుగు రోజులు నువ్వు మండలి పనంటూ పొటెన్జాలో కూర్చుంటే, ఇక్కడ ఇల్లెవరు చూస్తారు?"

పదమూడు మందిలో పన్నెండు మందిని అనుమానించింది ఇన్‌కొరొనాటా. పక్కలో పడుకునేవాణ్ణి మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. సీటు పోయినదానికన్నా అదే ఆమెని ఎక్కువ మండించింది.