ఎవరా తల్లి?

తిరువొత్తియూరు తెలుగు చర్చిలో ఆ ఆదివారం గుప్పెడు బియ్యం కానుక. ఆడవాళ్లు వంటకు ముందు తీసిపెట్టిన బియ్యం తెచ్చి పెట్టెలో పోస్తే, అది అనాథాశ్రమానికి పోతుంది.

పాస్టరు యోబు అయ్యగారు ప్రసంగంలో కథ ఎత్తుకున్నారు. "మనలో ఒక తల్లి ఉంది. ఫ్యాక్టరీ మూసేశాక ఇంట్లో గింజ లేదు. పక్కింటికి తెలియకూడదని ఖాళీ కుండలో గరిటె తిప్పుతుంది. అటువంటి తల్లే పోయిన నెల గుప్పెడు తెచ్చింది. మీరెంత తేవాలి?"

దీనమ్మ ఒళ్లోని సంచిని దగ్గరకు లాక్కుంది. ఆ తల్లి తనే; ప్రార్థన చేయమని అయ్యగారి ఒక్కరికే చెప్పుకున్న మాట అది. అందులో ఉన్నవి చెల్లెలు పొద్దున ఇచ్చిన మూడు గుప్పిళ్ల నూకలు; పిల్లల మధ్యాహ్నపు గంజికి అవే ఆధారం.

పక్కనున్న రాహేలు గొణిగింది. "ఎవురక్కా అది? పొయ్యకుండా జారుకునేదే ఆమె. ఈడనే కూచోని కనిపెడతా ఉండు."

దీనమ్మ లేచి, పెట్టెలో సంచి మొత్తం బోర్లించింది. అయ్యగారు వద్దనబోయారు. వద్దంటే ఆ తల్లి ఈమేనని అందరికీ తెలిసిపోతుందని తల దించుకున్నారు.

"నువ్వేమో అనుకున్నా అక్కా," అంది రాహేలు, ఆమె తిరిగి రాగానే.

"చాల్లే, నేనెందుకవుతానే!" అని నవ్వి, దీనమ్మ ఖాళీ సంచి మడుచుకుంటూ పిల్లలున్న వాకిలి వైపు నడిచింది.