రన్‌వే మీద దొరికిన బోల్టు

సుందర్‌రాజుకు నేల చూసి నడిచే అలవాటు. సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకొని దిగిన మొదటి నెలలోనే ఆ సంగతి వీధంతా తెలిసిపోయింది. ఎవరైనా ఎదురుపడి "బాగున్నరా సార్" అంటే వెంటనే తల ఎత్తడు. ముందు వంగి, దారిలోని మేకు ఏరి జేబులో వేసుకొని, ఆ తర్వాత "బాగున్న" అంటాడు. ఏదో పోగొట్టుకున్నాడని కొందరు, పెళ్లానికి భయపడి తల దించుకున్నాడని కొందరు అనుకున్నారు. రెండో మాటలో కొంత నిజం లేకపోలేదు గానీ అసలు కారణం అది కాదు. ఆయన నౌకాదళంలో ఇరవై ఏళ్లు చేసి వచ్చిన మనిషి. అందులో ఏడేళ్లు తూర్పు తీరంలోని ఒక విమాన కేంద్రంలో గడిచాయి.

1982లో ఆ కేంద్రం మొదలైనప్పుడు అక్కడ ఉన్నవి రెండు రేకుల షెడ్లు, మూడు హెలికాప్టర్లు, ఇసుక కొట్టుకొచ్చే ఒక పొట్టి రన్‌వే. ఏదైనా విమానం దిగాలంటే ముందు మేకల్ని తోలాలి. విమానం ఇంజిన్ గాలితో పాటు రాయిని కూడా లోపలికి లాక్కుంటుంది. పల్లీ గింజంత రాయి చాలు, లక్షణమైన ఇంజిన్ పాడైపోవడానికి. అందుకని రోజూ పొద్దున, మొదటి విమానం లేవకముందే, కేంద్రంలో ఉన్నవాళ్లంతా రన్‌వేకు అడ్డంగా ఒకే వరుసలో నిలబడి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నేల చూస్తూ నడిచేవాళ్లు. కమాండర్ పక్కన వంటవాడు, వంటవాడి పక్కన డాక్టరు. ఆ కాసేపు ఎవరూ ఎవరికీ సెల్యూట్ కొట్టరు. దొరికింది దొరికినట్టు డబ్బాలో వేయాలి. డబ్బా పట్టుకొని వరుస వెనక నడుస్తూ, దాన్ని రిజిస్టరులో ఎక్కించే పని సుందర్‌రాజుది.

ఆయన చూస్తుండగానే రన్‌వే రెట్టింపయింది. రేకుల షెడ్ల చోట హ్యాంగర్లు, వాటి పక్కన కంట్రోల్ టవర్ లేచాయి. సముద్రం మీద గస్తీ తిరిగే పెద్ద విమానాలు వచ్చాయి. నడక మాత్రం మారలేదు.

నౌకాదళం నుంచి బయటపడ్డాక పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరాడు. చేరిన వారం లోపే అక్కడా ఆ నడక పెట్టించాడు. మేనేజరు, బాయిలర్ దగ్గరి బీహారు కుర్రాళ్లు, ఊడ్చే ఆడవాళ్లు, అందరూ ఒకే వరుస. గేటు కాసే మల్లయ్య మాత్రం మొదట్లో తెగ నవ్వాడు. ఆ ఫ్యాక్టరీ లేచింది ఒకప్పటి అతని పొలంలోనే.

"జొన్న ఏసేటప్పుడు మా నాయిన గీడనే రాళ్లు ఏరిపిచ్చిండు సార్. గిప్పుడు మీరు ఏరిపిస్తున్రు. నా నసీబుల రాళ్లే ఉన్నట్టున్నయి" అన్నాడు.

అలా పదేళ్లు హాయిగా గడిచాయి. 2002 జనవరిలో తీరం నుంచి ఒక పెద్ద కవరు వచ్చింది. కేంద్రానికి ఇరవై ఏళ్లు నిండుతున్నాయి, చరిత్ర పుస్తకం వేస్తున్నారు. అందులో ఒక పేజీ సుందర్‌రాజు గురించి. 1984లో రన్‌వే నడకలో ఒక బోల్టు చూశాడు, అది బయలుదేరబోతున్న గస్తీ విమానం చక్రం నుంచి ఊడిందని తేలింది, విమానం ఆపారు, ఎనిమిది ప్రాణాలు నిలిచాయి. అంతా సరిగా ఉంటే సంతకం చేసి నెలాఖరులోగా పంపమనీ, ఉత్సవానికి భార్యతో సహా రమ్మనీ, వేదిక మీద సన్మానం చేస్తామనీ కమాండర్ రాశాడు.

భార్య ఎలిజబెత్ సంగారెడ్డిలో మిషన్ బడి టీచరు. ఆ పేజీని ఆమె ఇంట్లో మూడుసార్లు, ఆదివారం చర్చిలో ఒకసారి చదివింది. బర్నబా పాస్టరు గారు అప్పటికప్పుడు కృతజ్ఞతా ప్రార్థన కూటం ప్రకటించారు. ఆమె ట్రంకు పెట్టె దించి పట్టుచీర కూడా ఎండకు వేసింది. సంతకం ఒక్కటే పడలేదు.

"ఏమయ్యా, ఇంకా సంతకం చెయ్యలేదేంది?" అని ఆరో రోజు అడిగింది.

"తప్పులేమన్న ఉన్నయేమోనని సూస్తున్న."

"ఒక్క పేజీ సూడనీకి ఆరు రోజులా? నా బళ్లె మూడో తరగతి పోరగాండ్లు నీ కంటే నయం!"

తప్పు ఎక్కడుందో ఆయనకు తెలుసు. బోల్టు ఏరింది ఆయన కాదు, దేవమ్మ.

మొదటి రోజుల్లో రన్‌వే వెడల్పుకు నావికులు చాలేవాళ్లు కాదు. పక్క పల్లెనుంచి గడ్డి పీకడానికి వచ్చే కూలీ ఆడవాళ్లను ఖాళీల్లో నిలబెట్టేవాళ్లు. దేవమ్మ అలా వచ్చిన మనిషే. ఆ పొద్దున బోల్టు తెచ్చి డబ్బాలో వేసింది. రిజిస్టరులో నాలుగు గడులు: తేదీ, వస్తువు, చోటు, దొరికినవారి సర్వీసు నంబరు.

"నీ నంబరు?" అన్నాడు సుందర్‌రాజు, తమాషాకు.

"నాకేటి నంబరు బావూ? నీదే రాసీ" అని నవ్వి గడ్డి పీకడానికి పోయింది.

ఖాళీగా వదిలితే పై అధికారి తిడతాడని తన నంబరు రాశాడు. అప్పటికది తప్పని కూడా తోచలేదు. కూలీల చేతికి ఏం దొరికినా అలాగే రాస్తున్నాడు. మూడు రోజులకు పరేడ్‌లో పేరు పిలిచి ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. నోరు తెరవాల్సింది అప్పుడు. చప్పట్లలో తెరవలేకపోయాడు. తెల్లారి చెబుదామనుకున్నాడు, మరునాడు చెబుదామనుకున్నాడు, చూస్తుండగా పద్దెనిమిదేళ్లయింది. ఆ పత్రం చూసే ఫ్యాక్టరీవాళ్లు ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు సంతకం పెడితే అది చరిత్ర అయిపోతుంది. పెట్టకపోతే ఎలిజబెత్ ముఖం ఎలా చూడాలి, చర్చిలో తల ఎలా ఎత్తాలి? పాపం, ఆయన సతమతమయ్యాడు.

మరునాడు ఫ్యాక్టరీ నడకలో, ఊడ్చే ఆగమ్మ సాల్వెంట్ ట్యాంకరు పక్కన ఆగింది. కొంగుతో పట్టి ఒక నట్టు తెచ్చి ఇచ్చింది. చూస్తే ట్యాంకరు పైపు బిగించే క్లాంపుది. అప్పుడే వాల్వు తిప్పబోతున్న డ్రైవర్ని కేకేసి ఆపారు. తిప్పి ఉంటే ఆ ద్రావకమంతా నేలపాలయ్యేది, ఒక్క నిప్పురవ్వ తగిలితే ఏమయ్యేదో అక్కడున్న అందరికీ తెలుసు. 

సుందర్‌రాజు రిజిస్టరు తెరిచాడు. తేదీ, వస్తువు, చోటు రాశాడు. నాలుగో గడిలో దొరికినవారి టోకెన్ నంబరు. ఆగమ్మ కాంట్రాక్టు మనిషి, టోకెన్ లేదు. ఆయన చెయ్యి తనంతట తాను ఆయన నంబరే రాసేసింది.

మల్లయ్య పక్కనుంచి తొంగి చూశాడు. "గదేంది సార్? దొర్కింది ఆగమ్మకు గదా?"

"ఆమెకు టోకెన్ లేదు మల్లయ్యా."

"టోకెన్ లేకుంటే పేరు గూడ లేదా?"

సుందర్‌రాజు పేజీలు వెనక్కి తిప్పాడు. ఆ రిజిస్టరు ఆయనే గీయించింది, నౌకాదళంలో ఉన్న గడుల ప్రకారమే. పదేళ్ల పేజీలు, ప్రతి పేజీలోనూ తన నంబరు. సిగ్గేసింది. ఆ రోజు గడిలో నంబరు కొట్టేసి పక్కన 'ఆగమ్మ' అని రాశాడు. ఆమె చేతులు కడుక్కోవడానికి అప్పటికే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వంటింటి గడపలో కూర్చొని ఎలిజబెత్‌తో అంతా చెప్పాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ వింది. 

"పద్దెనిమిదేండ్లు నాకు గూడ చెప్పలేదు" అంది చివరికి.

"ధైర్యం రాలేదు."

"పాస్టరు గారికి నేనేం చెప్పాలె ఇప్పుడు?"

 ఆమె లేచి చేతులు కడుక్కుంది. ముక్కు ఎర్రబడి ఉంది; ఏడ్చిందో, ఉల్లిపాయలవల్లో ఆయన అడగలేదు. కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది.

"ఉన్నదున్నట్టు రాయి. నీ ఇంగ్లీషు నేను దిద్దుత. కూటం ఎట్లాగూ పెట్టిన్రు గదా, ఎనిమిది మంది బతికినందుకు పెట్టుకుందం. దానికి నీ పేరెందుకు?"

ఆయనకు పెళ్లినాటి కంటే ఆ పూటే భార్య ఎక్కువ నచ్చింది. ఉత్తరం పోస్టు చేసి వచ్చి కడుపునిండా అన్నం తిని పడుకున్నాడు.

మూడు వారాలకు ఫ్యాక్టరీ ఆఫీసుకు ఫోను వచ్చింది. అవతల కమాండర్. కోపగించుకోలేదు. దేవమ్మ బతికే ఉందట, రన్‌వే పెంచినప్పుడు అవతలికి జరిపిన పల్లెలోనే మనవరాలి దగ్గర ఉందట. జీపు పంపి తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాడట. "మాట్లాడండి" అని ఆమెకు ఫోనిచ్చాడు.

సుందర్‌రాజు నిలబడే మాట్లాడాడు. మల్లయ్య తలుపు దగ్గర చెవి ఒగ్గి ఉన్నాడు.

"దేవమ్మా, నేను సుందర్‌రాజును. డబ్బా పట్టుకునేవాణ్ని."

"ఓలమ్మో! బాగున్నావేటి బావూ?"

"బాగున్న. నీకొక మాట చెప్పాలి. ఆ బోల్టు నీకు దొరికింది. పేరు నాకొచ్చింది. తప్పు చేసిన, క్షమించు."

  తిడితే పడదామనే సిద్ధంగా ఉన్నాడు.

"ఏ బోల్టు బావూ?" అంది దేవమ్మ.

"అదే, విమానం ఆపేశారు చూడు..."

"నాకేటి గుర్తుంటాది? ఓ దినం నట్టు, ఓ దినం మేకు, ఓ దినం తీగముక్క. రోజూ ఏరేదాన్ని గదేటి. నువ్వు రోజూ రాసేవోడివి గదేటి."

ఆమె నవ్వుతూ ఉండగానే ఫోను కమాండర్ తీసుకున్నాడు. పుస్తకంలో ఆ ఒక్క పేజీ మారిస్తే సరిపోతుంది కదా అని అడిగాడు.

"సరిపోదు సార్" అన్నాడు సుందర్‌రాజు. "పాత రిజిస్టర్లు తెప్పించండి. ఆ ఏడేళ్లలో నా నంబరు మీద ఎన్ని ఉంటే, వాటిలో ఒక్కటీ నాది కాదు."