అక్క నింపిన మాత్రల డబ్బా

మూడు నెలలుగా మందు మింగుతున్నా దర్జీ మోచేతుల మీదా, వేళ్ళ మీదా సోరియాసిస్ పొలుసులు రవ్వంత కూడా తగ్గలేదు. కొట్టు యజమాని నెలాఖరు దాకా గడువిచ్చాడు. చేతులు బాగుపడకపోతే కొలతల బల్ల వదిలేసి వెనకగదిలో గుండీలు కుట్టుకోవాలి. మనిషిని చూడగానే భుజం కొలత చెప్పేసే తనకు గుండీలా! తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క పూట మానలేదండీ," అంటూ మాత్రల డబ్బా డాక్టరమ్మ ముందు పెట్టాడు. వారానికి సరిపడా అందులో సర్దిపెట్టేది అక్క.

డాక్టరమ్మ మూత తీసి చూసింది. "ఇవి నేను రాసినవి కావు. విటమిన్లు."

అతను ఉరుకులు పరుగుల మీద ఇల్లు చేరాడు. "అసలు మాత్రలేవే?"

అక్క తడుముకోలేదు. "బీరువాలో ఉన్నాయి. మందు పెట్టెలో కాగితం చదివావా? రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందట! ఉన్న శక్తి పోగొట్టుకుని ఎవడైనా బాగుపడతాడట్రా?"

"నా ఖర్మ! శక్తి తక్కువై కాదే, అది అదుపు తప్పి వచ్చింది ఈ జబ్బు. దొంగల్ని పట్టాల్సిన కాపలావాళ్ళు నా చర్మం మీదే పడ్డారు. నెల పట్టాల్సిన కొత్త చర్మం నాలుగు రోజులకే తోసుకొస్తోంది. వాళ్ళని అదుపులో పెట్టడానికే ఆ మందు!"

"మరి నిజం దొంగలొస్తే?"

"అందుకేగా రక్తపరీక్షలు! నోరు తెరిచి నన్నడిగితే నీ సొమ్మేం పోయింది?"

అక్క మొహం పాలిపోయింది. "గడువు రేపేగా?"

అతనికి నోరారా తిట్టాలనుంది. కానీ అతని వీపుకు రోజూ లేపనం రాసేది ఆవిడే.

మర్నాడు కొట్టు తెరవగానే అక్క వచ్చి యజమాని ముందు నిలబడింది. "మందు మార్చిన దాన్ని నేను. తప్పు నాది. ఇంకో మూడు నెలలు చూడండి."

"అంటుకుంటుందని వచ్చేవాళ్ళు జంకుతున్నారమ్మా," అని నసిగాడాయన.

"రోజూ వీడికి ఈ చేత్తోనే లేపనం రాస్తున్నా. నాకంటిందా?" నలుగురి ఎదుటా చేతులు చాచింది. "తియ్యరా నా కొలతలు!"

యజమాని తల పట్టుకున్నాడు. "సరే, మూడు నెలలు. అంతే!"

దర్జీ కోపం తగ్గకుండానే టేపు చుట్టాడు. అక్క కొలతలు అతనికి కంఠతా వచ్చు. అయినా రెండోసారి చూశాడు. నడుము రెండంగుళాలు తగ్గింది.

"తిండి మానేశావా?" అని కసిరాడు.

"ఆ కాగితం చదివిన రోజు నుంచీ ముద్ద దిగితేగా," అంది.