తేనెటీగలకు వాడే మాట

"చక్కెరంతా ఆ పురుగులకే పోసేస్తావా? అమ్మకి కాఫీలోకైనా ఉంచు."

సెప్టెంబరులో మా ఆయన విగాంతస్ వంటింటి గుమ్మంలో నిలబడి అన్న మాట. నేను తేనెటీగల కోసం చక్కెర నీళ్ళు కాస్తున్నాను. చలి ముదరకముందే అవి ఆ నీళ్ళు తాగి అరల్లో దాచుకోవాలి. లేకపోతే వసంతం దాకా బతకవు.

జూన్‌లో పక్కింటి స్టెఫానియా పిన్ని తన తేనెపెట్టెలోంచి కొత్త గూడు కోసం లేచిన ఈగల గుంపును పట్టి నాకిచ్చింది. మా లిథువేనియాలో పాతకాలం వాళ్ళు తేనెటీగలను అమ్మరు, కొనరు. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ చుట్టాలైపోతారు. నలభై ఒక్కేళ్ళకి నేను సొంతంగా సంపాదించుకున్న చుట్టం ఆ పిన్ని ఒక్కతే. మొదటి వారమే ముఖానికి వల సరిగ్గా కట్టుకోక కనురెప్ప మీద కుట్టించుకున్నాను. ఈగలు కుట్టకుండా పట్టే పొగడబ్బా పదిసార్లు ఆరిపోయేది. అయినా బడి వంటగదిలో అంట్లు తోమి వచ్చిన చేతులతోనే రోజూ పావుగంట పెట్టెలోని తేనెపట్టు చట్రాలు ఎత్తి చూసుకునేదాన్ని. ఆ పావుగంటా కుడతాయన్న భయంతో ఇంట్లోవాళ్ళెవరూ నన్ను పిలిచేవారు కాదు. నాకు కావలసింది ఆ పావుగంటే. "మొదటి ఏడు తేనె జోలికి పోకు. చలికాలం దాటించావంటే నువ్వు గెలిచినట్టే" అంది పిన్ని.

ఆగస్టులో మరియమ్మ పండుగకి చుట్టాలు దిగారు. నేను బంగాళదుంపలు తురుముతుంటే పెరట్లోంచి నవ్వులు వినిపించాయి. వెళ్ళి చూస్తే విగాంతస్ నా వల కట్టుకుని, చట్రాలన్నీ బయటికి తీసి పెట్టాడు.

"వాటి తిండి అది, విగాంతస్!"

"తేనె పంచకపోతే ఊళ్ళో మన పరువేం కాను? పిసినారి దానా, నాలుగు చక్కెర నీళ్ళు పోస్తే సరిపోదూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. తేనె పిండి నింపిన సీసాలన్నీ విగాంతస్ తేనె అన్న పేరుతో కార్లెక్కి వెళ్ళిపోయాయి.

మరుసటి నెలలో అత్తగారికి తుంటి ఆపరేషన్ అయింది. మా ఇంటికే తెచ్చారు. ఎత్తి కూర్చోబెట్టాలి, పక్క మార్చాలి, రాత్రి బట్టలు ఉతకాలి. "స్కైస్తే, దిండు! స్కైస్తే, నీళ్ళు చల్లారిపోయాయి!" అని ఆవిడ నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉండేది. పొయ్యి మీద పాకం రెండుసార్లు మాడింది. ఒక్క సాయంత్రం నువ్వు పోసి రావా అని విగాంతస్‌ని బతిమాలాను.

"నీ సరదా, నువ్వే చూసుకో" అన్నాడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి అక్టోబరు చివరికొచ్చింది. చలికి అవి ముద్దగా ముడుచుకుపోయాయి, పోసిన నీళ్ళు ముట్టుకోలేదు. ఆ చలికాలమంతా పెట్టెకి చెవి ఆనించి వింటూనే ఉన్నాను. ఫిబ్రవరిలో ఒకరోజు ఏమీ వినిపించలేదు. గాలి హోరులో వినపడలేదులే అని నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను.

మార్చిలో మూత తీశాను. ఒక్కోటీ ఒక్కో ఖాళీ అరలో తల దూర్చి, చివరి చుక్క కోసం వెతుకుతూ అలాగే బిగుసుకుపోయాయి.

విగాంతస్ వచ్చి టోపీ తీశాడు. కంచె అవతల పిన్నిని చూసి గొంతు తగ్గించి, "పిన్నీ, మావి చనిపోయాయి" అన్నాడు. మా భాషలో కుక్కయినా గుర్రమైనా చస్తుంది. చనిపోవడమన్నది మనుషులకూ తేనెటీగలకూ మాత్రమే వాడతాం. నా మీద ఎన్నడూ చూపని మర్యాద ఆయన గొంతులో వినిపించింది. ఒళ్ళు మండిపోయింది.

"మనుషుల మాట వాడావుగా. మనుషుల నోటికాడ కూడు లాక్కుని ఆకలితో మాడ్చిన వాళ్ళని ఏమంటారో అది కూడా అను."

"ఈగల కోసం మొగుణ్ణి హంతకుడంటావా?"

"నిన్నొక్కణ్ణే కాదు. ఊరుకున్నాను కాబట్టి నన్ను కూడా."

లోపల్నుంచి అత్తగారు పిలిచింది. "వెళ్ళు, అమ్మ పిలుస్తోంది" అన్నాడు. నేను కదల్లేదు. ఆయన టోపీ పెట్టుకుని తనే వెళ్ళాడు.

పిన్ని కంచె మీంచి నా చెయ్యి పట్టుకుంది. "ఏడవకే. జూన్‌లో మళ్ళీ గుంపు లేస్తుంది, ఇస్తాను."

"తీసుకుంటాను పిన్నీ. కానీ పెట్టె మీ పెరట్లోనే ఉండనీ" అన్నాను. "మీ ఇంట్లో నాకో మంచం వేసుకునేంత చోటుంటుందా?"